తంబాకు చేతులు

మొన్న మా తోటికోడలికి ఆఖరి స్నానం చేయిస్తుంటే ఆమె చేతుల దగ్గర పేచీ వచ్చింది.

నీలం నగర్‌లో వాళ్ల ఇంటి ముందు, రేకుల నీడలో పీట వేసి కూర్చోబెట్టాం. ముత్తయిదువగా పోయింది కనుక ఒళ్లంతా పసుపు రాస్తున్నాం. మొహం తేటపడింది, కాళ్లు తేటపడ్డాయి. చేతులు మాత్రం ఎంత రుద్దినా తేటపడలేదు. బొటనవేలు, చూపుడువేలు, గోళ్ల సందులు అన్నీ ముదురు చాయ్ రంగులో ఉన్నాయి. బతుకంతా బీడీలు చుట్టిన చేతులు మరి. పక్కింటి కోడలుపిల్ల ఇటుకపొడి తెస్తానని లేచింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"గిన్నెలు తోముతున్నవా? కూసో. ఆ చేతులు అట్లనే పోవాలె" అన్నాను.

"గట్లెట్ల అత్తమ్మా? మంది ఏమనుకుంటరు?"

"మంది సంగతి నేను జూస్త. నువ్వు కాళ్లకు పసుపు వెట్టు."

ముసలిదానికి మతి చెడిందని మొహాలు చూసుకున్నారు. చూసుకోనీ. ఆ చేతుల సంగతి తెలిసినవాళ్లం ముగ్గురమే. ఒకదాన్ని నేను. ఒకరు ఆమె కూతురు రేణుక, పుణె నుంచి వచ్చే బస్సులో ఉంది. మూడో మనిషి, అదిగో, గోడవారన కుర్చీలో తల వంచుకు కూర్చున్న ఆమె మొగుడు. నా మొగుడికి అన్న, నాకు బావ. ఆయనంటే నాకు అసహ్యం. చావింట్లో కూడా పోలేదు.

నేను ఆ ఇంటికి కొత్తగా కాపురానికొచ్చి మొదటిసారి నల్లా దగ్గరికి నీళ్లకు పోయినరోజు మా తోటికోడల్ని సరిగ్గా చూశాను. వరసలో పెట్టిన నా బిందెను ఒకావిడ కాలితో తన్ని పక్కకు నెట్టింది. కొత్త పెళ్లికూతుర్ని, పక్కకు జరిగి నిలబడ్డాను. వెనక నుంచి ఈవిడ వచ్చింది. మాటా మంతీ లేదు. ఆ మనిషి కొప్పు పట్టుకుని, మొహాన్ని తీసుకెళ్లి నిండు బకెట్లో ముంచింది. ఊపిరాడక కొట్టుకుంటుంటే పైకి లేపి, "దూప తీరిందా? ఇంకిన్ని తాగుతవా?" అని అడిగింది. తర్వాత నా బిందె తీసి నల్లా కింద పెట్టి, "చెల్లె, సిగ్గుపడితె ఈ ఊళ్లె నీళ్లు దొరకయ్" అంది.

అదీ ఆమె. కూర్చుంటే ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగోనె కింద ఆకు. చేతివైపు చూడకుండా బీడీ చుట్టేది, చూపంతా వీధి మీదే. మాట్లాడుతూ మనుషుల్ని ఆకు కత్తిరించే కత్తెరతో చూపించేది. బీడీల కార్ఖానాలో మంచివీ చెడ్డవీ ఏరేవాడు ఒకసారి ఆమెవి బాగాలేవని మొహాన విసిరితే, ఖాళీ చాట తీసి వాడి నెత్తిన బాదిందట. చాట విరిగింది, వాడి నుదురు చిట్లింది. మర్నాడు మళ్లీ అక్కడికే పోయి మళ్లీ వాడికే బీడీలు ఇచ్చింది. వాడు ఒక్కటీ ఏరకుండా తీసుకున్నాడు. "నీ పాడె గట్ట" అనే మాట ఆమె నోట్లో వక్కపలుకులా ఎప్పుడూ నానుతుండేది. పిల్లికీ అదే, పాలవాడికీ అదే.

వాడకట్టంతా ఆమెకు జడిసేది. ఆమె మాత్రం ఇంట్లో తన్నులు తినేది.

బావ చద్దర్ల కార్ఖానాలో మగ్గాలు బాగుచేసేవాడు. బక్కపలచటి మనిషి. కేకలు వేయడు, తాగడు. అందుకే కొడతాడంటే ఎవరూ నమ్మరు. మగ్గాన్ని తిప్పే తోలు పట్టా తెగితే దాని ముక్కొకటి ఇంటికి తెచ్చి మేకుకు తగిలించుకున్నాడు. మూరెడు పొడవు, మగ్గం నూనె తాగి నల్లగా, బరువుగా ఉండేది. కూరలో ఉప్పు చాలకపోతే లేచి చెయ్యి కడుక్కునేవాడు, పట్టా దించేవాడు, కొట్టేవాడు, మళ్లీ మేకుకు పెట్టేవాడు, కూర్చుని మిగిలిన అన్నం తినేవాడు. మా రెండు కాపురాలకూ మధ్య చెక్క అడ్డు ఒక్కటే. ప్రతి దెబ్బా నాకు వినపడేది. ఆమె గొంతు మాత్రం వినపడేది కాదు. చద్దరు కొస నోట్లో కుక్కుకునేది. అయిపోయాక అడ్డు దాటి నా వైపు వచ్చి కూలబడి, "నవ్వకు చెల్లె. మొగడు కొట్టినందుకు గాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్సిందట ఎనకటికొకామె. నువ్వు నవ్వితె నేను నిజంగనే ఏడుస్త" అనేది. నేను ఏడుస్తుంటే ఆమె నవ్వేది.

మా ఆయన ఒకసారి అడ్డం పోయాడు. పట్టా ఆయన చెవి మీద పడింది. ఆ చెవి ఇప్పటికీ సరిగ్గా వినపడదు. మళ్లీ ఎప్పుడూ పోలేదు.

అందరి ఇళ్లల్లోకీ టీవీలు వస్తున్న రోజుల్లో బావ ఇంట్లోకి చేపలొచ్చాయి. నూలు లారీతో వచ్చే కేరళ డ్రైవరొకడు తమ ఏట్లో పట్టినవని ప్లాస్టిక్ సంచిలో తెచ్చిచ్చాడు. చిటికెన వేలి కొసంత చేపలు. పచ్చటి ఒళ్లు, నల్లటి మచ్చలు, పొలుసుల్లేవు. ఒక కన్ను ఇటు, ఒక కన్ను అటు తిప్పుతాయి. బెదిరితే కడుపునిండా నీళ్లు మింగి ఉసిరికాయంత ఉబ్బుతాయి. మేం బుంగచేపలనేవాళ్లం. బావ ఇనుప చట్రంలో అద్దాలు బిగించి తొట్టి చేశాడు. గోడకవతల మగ్గాలు ఆడుతుంటే తొట్టిలో నీళ్లు వణికేవి. అందుకని కింద చద్దర్లు మడతలు వేసి పరిచాడు. పెళ్లానికి పరిచిన చద్దరు అంత మెత్తగా లేదు.

పేరుకు చేపలే గానీ పచ్చి రాక్షసులు. గింజలు వేస్తే ముట్టవు. బతికున్నదే తినాలి. నత్తను వేస్తే ముందు దాని కొమ్ములు కొరుకుతాయి, అది లోపలికి ముడుచుకునేదాకా ఆగవు, ఆ తర్వాత పీక్కుని తింటాయి. వాటిలో అవి కూడా కొట్టుకుచస్తాయి. బావ పీట వేసుకుని కూర్చుని కళ్లార్పకుండా చూసేవాడు. ఆ మనిషి మొహంలో సంతోషం నేను అక్కడే చూశాను.

సాకే పని మాత్రం ఆమెకు అప్పజెప్పాడు. "నేను కార్ఖాన్ల ఉంట. ఇవి నీ జిమ్మ. ఒక్కటి సచ్చినా నీ వీపుకు జెప్పుకో" అన్నాడు. అన్నంత పనీ చేసేవాడు. చేప చస్తే దెబ్బలు. అదీ ఆ ఇంటి చట్టం.

అప్పటినుంచి ఆమె చేపల్ని చూసుకుంది, ప్రేమతో కాదు, వీపు కోసం. పగిలిన గోలెం అడుగు ముక్కలో నిలవనీళ్లు పోసి, క్యాబేజీ ఆకులు వేసి నత్తలు పెంచింది. నత్తగుల్లలు కొరక్కపోతే చేపల పళ్లు పెరిగి నోరు మూసుకుపోతుందని డ్రైవర్ చెప్పాడు. ఎండాకాలం నత్తలు చచ్చిపోతే హోట్గి రోడ్ అవతలి బావుల దాకా నడిచిపోయి, మీదికొచ్చిన కుక్కను చెప్పుతో కొట్టి మరీ ఏరుకొచ్చేది. నల్లానీళ్లు సూటిగా పోసేది కాదు, బకెట్లో నిలవబెట్టి మందు వాసన పోయాక కొంచెం కొంచెం మార్చేది. చేపలు తిన్నాక మిగిలిన ముక్కలు కుళ్లకుండా తీసేసేది. నీటి మొక్కలు తెప్పించి దట్టంగా నాటింది.

"ఎందుకక్కా అంత అడివి?" అన్నాను.

"ఒకదాని కంటికి ఒకటి కనవడకుంటె చాలు, కొట్టుకోవు. దాక్కోనికి జాగ ఉంటె బతుకుతయ్" అంది. కొంచెంసేపు బీడీ చుట్టి, "మనింట్ల మొక్కలు లేవు చెల్లె" అంది.

అయినా చచ్చేవి. పొద్దున శుభ్రంగా తిరిగిన చేప సాయంత్రానికి వెల్లకిలా తేలేది. ఎందుకో తెలిసేది కాదు. ఒకసారి వరసగా మూడు పోయాయి. ఆ వారం ఆమె బోర్లా పడుకునే బీడీలు చుట్టింది. వీపు మీద నా చేతులతో పసుపూ నూనే రాశాను. అక్కడ మనిషి వీపుండాల్సిన చోట ఏముందో చెప్పడానికి నాకు మనసొప్పదు.

కారణం ఆమే పట్టుకుంది. ఒకరోజు ఆకు కత్తిరించి, తంబాకు కలిపి, పని తొందరలో చేతులు ఎక్కడో ముంచబోయి నత్తల గోలెంలో ముంచి కడిగేసింది. కాసేపటికి నత్తలన్నీ గుల్లల్లోంచి జారిపడి తేలాయి. ఆమె ఆ గోలెం వైపు చూసింది, చేతుల వైపు చూసుకుంది. చచ్చిన నత్తను తొట్టిలోంచి తీసిన ప్రతిసారీ ఆమె ముంచింది ఈ చేతులే. బీడీల ఇళ్లలో తంబాకు చేత్తోనే అన్నీ చేస్తాం, పిల్లకు ముక్కు తుడుస్తాం, ముద్ద కలుపుతాం. ఘాటుకు దగ్గుతాం తప్ప ఎవరం చావలేదు. పొలుసుల్లేని ఆ పురుగంత చేప తట్టుకోలేకపోయింది.

"బావకు చెప్పక్కా, నీ తప్పు గాదని తెలుస్తది" అన్నాను.

"గప్ బస్!" అని నా నోరు మూయించింది. "తప్పు నా చేతులల్లనే ఉందని నేనే జెప్పాల్నా? ఇగ నుంచి నువ్వు వెట్టు నీ చెయ్యి."

నాది చద్దర్ల అంచులకు కుచ్చులు ముడివేసే పని. తంబాకు అంటని చేతులు. ఆనాటినుంచి తొట్టిలో చెయ్యి నాది, నోరు ఆమెది. ఆమె దూరంగా కూర్చుని కత్తెరతో చూపిస్తే నేను తీసేదాన్ని. చేపను ఎప్పుడైనా బయటికి తీయాలంటే జాలీతో తీయనిచ్చేది కాదు, గాలి మింగి చస్తుందని. గ్లాసుతో నీళ్లతో సహా ముంచి తీయాలి. అవి నా వేళ్లు కొరికేవి. ఆమె పడీపడీ నవ్వేది. మా చేతులు మార్చుకున్నాక చేపలు చావడం ఆగిపోయింది. వాటి ఒళ్లు నిగనిగలాడాయి. బావ అది తన పట్టా మహిమ అనుకున్నాడు.

కార్ఖానాకు సెలవైన ఒక సుట్టి రోజు బావ తన దోస్తుల్ని పిలిచాడు. బజారు నుంచి ఎర్రచేపనొకదాన్ని తెచ్చి, తమాషా చూడమని బుంగచేపల్లో వదిలాడు. అవి ముందు దాని తోక చీల్చాయి. రెక్కలు చీల్చాయి. ఒక కన్ను తీశాయి. అది ఈదలేక పక్కకు ఒరిగి తిరుగుతుంటే మగాళ్లు తొడలు చరుచుకుని అరుస్తున్నారు. ఆమె లోపల్నుంచి వచ్చింది. నా చెయ్యి పట్టుకుని లాగి, "తియ్ దాన్ని" అంది. తీశాను. ఆమె దాన్ని తోక పట్టి వాకిట్లోకి తీసుకుపోయి, బండ మీద ఒక్క దెబ్బ కొట్టి చంపింది.

"సంపితె ఒక్కసారి సంపాలె! జరజర కొరుక్కుంట తినుడేంది? మీరు మొగోళ్లేనార్రా?" అంది.

దోస్తులు చెప్పులు వెతుక్కున్నారు. వాళ్లు వీధి మలుపు తిరక్కముందే పట్టా దిగింది. ఆ రోజు ఆమె చద్దరు కూడా కొరకలేదు. దెబ్బదెబ్బకూ "ఊఁ, ఇంకోటి" అంది.

అంతా భరించింది. ఒక్కటి భరించలేదు.

ఇంకో సుట్టి మధ్యాహ్నం. నేను ఆమె పొయ్యి మీదే జొన్నరొట్టెలు కాలుస్తున్నాను. ఆమె గుమ్మం దగ్గర చాట ముందేసుకుని ఉంది. రేణుక అప్పటికి బడికి పోయే పిల్ల. తల్లికి సాయం చేద్దామని, అప్పుడే నల్లా నుంచి పట్టిన నీళ్లు తెచ్చి తొట్టిలో కుమ్మరించింది. కాసేపటికి ఒక చేప పాలిపోయి మొక్కల మీదికి ఒరిగింది. బావ చూశాడు. ఎవరు పోశారని అడిగాడు. పిల్ల చెయ్యెత్తింది, బళ్లో ఎత్తినట్టు.

ఆయన పట్టా దించాడు. అదివరకు ఆ పట్టా పిల్ల మీద ఎప్పుడూ పడలేదు. మొదటి దెబ్బ పిక్కల మీద పడింది. పిల్ల అరుపుకు నా చేతిలో రొట్టె జారిపోయింది.

ఆమె చాటతో సహా లేచింది. తొట్టి పక్కకు పోయి, తంబాకు నిండిన చాటను నీళ్ల మీదికి చాపి నిలబడింది.

"ఇంకొక్క దెబ్బ పిల్ల మీద పడ్డదంటె, ఇది నీళ్లల్ల పడ్తది."

"పడితె ఏమైతది? చాయ్ అయితదా?" అన్నాడు బావ.

"పోయినేడు నీ చేపలు ఎందుకు సచ్చినయో నీకు ఇయ్యాల్టిదాక తెల్వదు. నా చేతుల తంబాకుకు సచ్చినయ్. వేళ్లకంటిన దానికే సచ్చినయ్. ఇది చాటెడున్నది."

ఆయన నవ్వాడు. ఆడది బెదిరిస్తే ఎవరు వింటారు? పట్టా మళ్లీ లేచింది, పిల్ల భుజం మీద పడింది.

ఆమె చాట బోర్లించింది.

నీళ్లు చూస్తుండగానే నల్లబడ్డాయి. చేపలన్నీ ఒక్కసారిగా ఉబ్బి, ఉసిరికాయల్లా పైకి తేలి గిలగిల తిరిగాయి. అద్దానికి కొట్టుకున్నాయి. బావ నోట్లోంచి ఒక అరుపు వచ్చింది. నేను ఆ ఇంట్లో విన్న ఆయన మొదటి అరుపు అదే. పట్టా వదిలేసి మోచేతుల దాకా చేతులు ముంచి దేవాడు. నల్లా బకెట్ కోసం ఉరికాడు.

"నల్లానీళ్లల్ల ఏస్తె ఇంకింత జల్ది సస్తయ్" అంది ఆమె, నింపాదిగా.

"మరేం జెయ్యాలె? చెప్పు! చెప్పవే!"

ఎన్నడూ ఆమెను ఏదీ అడగని మనిషి. మోకాళ్ల మీద, తడిచేతులతో, ఆమె మొహంలోకి చూస్తున్నాడు. ఆమె రేణుకను తన వెనక్కి లాక్కుంది.

"ముందుగాల పట్టా పొయ్యిల వెయ్."

ఆయన ఒక క్షణం ఊగిసలాడాడు. ఆ క్షణంలో ఒక చేప అడుగుకు జారిపోయింది. పెనం మీద రొట్టె మాడి పొగలు లేస్తోంది. నేను ముట్టుకోలేదు, పొయ్యి ముందు నుంచి పక్కకు జరిగి దారిచ్చాను. ఆయన పట్టా తీసి మంటలోకి తోశాడు. తోలు, మగ్గం నూనె కాలిన కంపు ఇల్లంతా కమ్మేసింది. అది అంటుకుని మెలితిరిగేదాకా ఆమె కదల్లేదు. అప్పుడు నా వైపు తిరిగి, "చెల్లె, నీ చెయ్యి" అంది.

గ్లాసు ముంచి, దొరికినవాటిని దొరికినట్టు నత్తల గోలెంలోకి మార్చాను. అందులో ఒక్కటే బతికింది.

ఆ ఒక్కదానికి ఆమె 'జామీను' అని, అంటే పూచీ అని, పేరు పెట్టింది. ఆ జామీనును సాకినంత జాగ్రత్తగా కన్నబిడ్డను కూడా ఎవరూ సాకరు. మురికినీళ్ల పురుగుల్ని మళ్లీ మళ్లీ కడిగించి వేయించేది, దాని పొట్ట చూసి ఆకలి చెప్పేది. బీడీల చాట మాత్రం తొట్టి పక్కకే మార్చుకుంది. బావకు కోపమొస్తే చెయ్యి లేచేది, కన్ను తొట్టి మీదికి పోయేది, చెయ్యి దిగేది. ఏళ్లు అట్లా గడిచాయి. రేణుక పెద్దదై పెళ్లై పోయింది. నేను మాత్రం రోజూ పొద్దున లేవగానే మొదట ఆ తొట్టిలోకి చూసేదాన్ని, చేప తిరుగుతుంటే ఊపిరి పీల్చుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం అది తిరగలేదు. ముసలిదై పోయింది, అంతే. ఆమె దగ్గరికి ఉరికాను.

"అక్కా, జామీను పోయింది. మొక్కల సందున దాసిపెడ్దమా? డ్రైవర్‌కు చెప్పి ఇంకోటి తెప్పిద్దమా?"

"ఎందుకే?" అంది. "తేలనియ్యి."

బావ వచ్చాడు. తొట్టిలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ తర్వాత మెల్లగా నడిచి ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. కుడిచెయ్యి కదిలింది. నేను అడ్డు చెక్క పట్టుకుని నిలబడ్డాను. ఆమె తలెత్తలేదు, చేతిలో బీడీ ఆపలేదు.

"చేప సచ్చింది" అంది. "నా చేతులు సచ్చినయా?"

ఆయనకు అర్థం కాలేదు. ఆమె చాట పక్కన పెట్టింది. చేతులు కడుక్కోలేదు. పిండి కలిపే పరాతం ముందుకు లాక్కుని, జొన్నపిండిలో నీళ్లు పోసి, ఆ వేళ్లతోనే పిసకడం మొదలుపెట్టింది. తెల్లటి పిండిలో గోధుమరంగు చారలు పడ్డాయి.

"కూసో. ఆకలైతున్నట్టున్నది. రొట్టె జేస్త" అంది.

ఆయన పిండి వైపు చూశాడు, ఆ వేళ్ల వైపు చూశాడు, తొట్టి వైపు చూశాడు. చెయ్యి దిగిపోయింది. ఆ పూట తినలేదు. మర్నాడు కంచం ముందు కూర్చుని, "చేతులు కడిగినవా?" అని అడిగాడు.

"కడిగిన" అంది.

ఇక ఆనాటినుంచి ప్రతి ముద్దకు ముందూ అదే ప్రశ్న. ఆమె ఒకనాడు "కడిగిన" అనేది, ఇంకోనాడు కొంచెం ఆలోచించి "యాదికి లేదు" అనేది. యాదికి లేదన్న రోజు ఆయన నీళ్లు తాగి లేచిపోయేవాడు. ముసలితనందాకా ఆ ఇంట్లో మళ్లీ దెబ్బ చప్పుడు నేను వినలేదు.

మొన్న రేణుక వచ్చి తల్లి మీద పడి ఏడ్చి, ఆ చేతులు తీసి కళ్లకద్దుకుంది. పాడె కట్టారు. పూలు వేయమని బావను పిలిచారు. కర్ర ఊతంతో వచ్చాడు. తెల్లబట్ట మీద పెట్టిన ఆ చేతుల దగ్గరికొచ్చి ఆగిపోయాడు. నేను పక్కనే ఉన్నాను. నా వైపు వంగి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"చేతులు కడిగిండ్రా?"

"యాదికి లేదు బావా" అన్నాను.

ఆయన పూలు కాళ్ల దగ్గరే పడేసి వెనక్కి జరిగాడు.